ఏటిగట్టు ఇల్లు

పాత కంప్యూటరు మూత విప్పగానే వచ్చే వేడి దుమ్ము వాసన నన్ను ఇప్పటికీ హౌరాలోని టికియాపారా రైల్వే క్వార్టర్సు వేసవిలోకి లాక్కుపోతుంది. ఆ వెంటనే పద్మ మీద ఒళ్లు మండుతుంది.

పద్మ మా మేనత్త కూతురు. ప్రతి వేసవికీ శ్రీకాకుళం నుంచి మామిడి తాండ్రతో, చేగోడీల డబ్బాతో, నాకంటే పొడుగు జడతో హౌరాలో దిగేది. ఆమె వచ్చిందంటే నాన్న డ్యూటీ నుంచి వస్తూ పనసతొనలు తెచ్చేవాడు, నాయనమ్మ అడ్డపొగ చుట్ట పక్కన పెట్టి మరీ ఆ జడ అల్లేది. నేనడిగితే మాత్రం "నీకు చేతుల్లేవేటే?" అనేది.

నా వైపు ఉన్నది చిన్నాన్న ఒక్కడే. గంగకు ఆవలి ఒడ్డున, ఎన్నికల రాతలతో ఎర్రబడ్డ గోడల సందులో, నలుగురు కుర్రాళ్లు రెండు గదుల్లో నడిపే ఆటల కంపెనీలో బొమ్మలు గీసేవాడు. ఎక్కడెక్కడి వాళ్లో ఇంటర్నెట్లో ఒకే ఊరికి చేరి, తలో వేషం కట్టి, చేపలు పట్టి, దొంగలతో తలపడి, సంత చేసుకునే ఆట అది. అందులో ఏటిగట్టు మీద మెట్లూ నీలం తలుపూ ఉన్న ఇల్లు నాకిప్పిస్తానన్నాడు చిన్నాన్న. సైబర్ కేఫ్‌లో కూర్చున్నప్పుడల్లా నేను దాని ముందే తచ్చాడేదాన్ని.

ఆ వేసవి మా ఇద్దరినీ లాంచీ ఎక్కించి కంపెనీకి తీసుకెళ్లాడు. ఆటలో ఇళ్లు పంచే దేబుదా తెర మీద ఇళ్లన్నీ చూపించి, ఊరి నుంచి వచ్చిన పిల్ల కదా అని ముందు పద్మనే అడిగాడు, "కోన్ బాడిటా నేబే?" ఏ ఇల్లు కావాలని. బెంగాలీ ముక్క రాని పద్మ, నీలం తలుపు మీద వేలు ఆనించి ముచ్చటగా చూస్తున్నదల్లా మా వైపు తిరిగి "ఏటి?" అంది. ఏమిటంటున్నాడని మమ్మల్ని అడగడమే అది. బెంగాలీలో ఆ మాటకు అర్థం 'ఇది' అని. దేబుదా టకటకా పద్మ పేరు కొట్టేశాడు. ఒకసారి పడ్డ పేరు మారదట. బడిలో నేర్చి, లాంచీలో వల్లె వేసుకొచ్చిన నా చక్కటి బెంగాలీ వాక్యం నోట్లోనే ఉండిపోయింది.

"ఏడకే గుంటా, నీకింకా పెద్దది కడతాన్లే," అన్నాడు చిన్నాన్న నా కళ్లు తుడుస్తూ.

కట్టలేదు. ఇంతలో విదేశాల నుంచి మెరుపుల బొమ్మలతో పెద్ద ఆటలొచ్చాయి, కేఫ్‌లో పిల్లలంతా అటు తిరిగారు, కంపెనీలో ఒక్కొక్కరే వేరే ఉద్యోగాలు చూసుకున్నారు. ఆట మూసేసే రోజు సాయంత్రం, ఇంకా ఆడుతూ మిగిలిన కొద్దిమందీ తెర మీది ఏటిగట్టున కలుసుకుని వీడ్కోలు చెప్పుకుని ఎవరిళ్లలోకి వాళ్లు వెళ్లారు. పద్మ శ్రీకాకుళంలో ఉంది. ఆ తలుపు ఆమె పేరుకు తప్ప తెరుచుకోదు. నేను మెట్ల మీద నిలబడి ఉండగానే తెర నల్లబడిపోయింది.

ఆ రెండు గదుల్లో ఇప్పుడు ట్యూషన్లు చెబుతున్నారు. చిన్నాన్న పెళ్లి కార్డులకు బొమ్మలు వేస్తున్నాడు. మొన్న పద్మ ఫోన్ చేస్తే ఉండబట్టలేక, ఆ నీలం తలుపు లోపల ఏముండేదని అడిగేశాను.

"ఏ తలుపు వదినా? నాకు గేపకమే నేదు," అని హాయిగా నవ్వింది.

మరిచిపోయే సుఖం కూడా పద్మకే దక్కింది.