కాశీకి అవతలి మావంద

మా మేనత్త పోయింది. పోయిన మంగళవారం పొద్దున నేను భద్రావతి బస్సులో, పాఠాలు చెప్పే బడికి వెళ్తుండగా ఆమె కొడుకు, మా బావ, ఫోన్ చేసి చెప్పాడు. "అవ్వ పోయిందే. చాయ్ తాగింది, గిలాస కడిగి బోర్లేసింది, మంచం మీద ఒరిగింది. గంతే" అన్నాడు. ఏడుస్తూ కాదు, ఆశ్చర్యపోతూ అన్నాడు. ఎనభై దాటిన మనిషి పోతే ఆశ్చర్యమేమిటని మీకనిపించవచ్చు. పక్క ఊరి సంతకు పోవాలన్నా వీధి వీధంతా చెప్పి పోయే మనిషి ఆమె. ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోవడం ఆమె పద్ధతి కాదు.

పక్క సీటావిడ నా ముఖం చూసి ఏమైందని మరాఠీలో అడిగింది. చెప్పాను. దిగేలోపు మా అత్త గురించి చాలానే చెప్పేశాను. ఇదీ అత్త దగ్గర అబ్బిన అలవాటే. ఆమె బస్సెక్కితే చాలు, ముందు సీటు నుంచి వెనక సీటు దాకా అందరినీ అడిగేది. "ఏడికి పోతున్నరు? ఎందుకు పోతున్నరు? ఎవరున్నరు ఆడ?" తెలుగువాళ్లను తెలుగులో, మరాఠీవాళ్లను మరాఠీలో, కళ్లజోడు పెట్టుకున్నవాళ్లను తనకు మాత్రమే వచ్చిన ఒక హిందీలో. చిన్నప్పుడు ఆమెతో బస్సెక్కాలంటే నాకు తల కొట్టేసినట్టుండేది. ఎందుకత్తా అందరినీ అడుగుతవ్ అంటే, "నేను పోలేను కద బిడ్డా. పోయెటోళ్లనన్న అడగొద్దా?" అనేది.

అత్తది మహారాష్ట్రలో రాజూరా అవతల పత్తి పండే ఊరు. తాతముత్తాతల కాలం నుంచీ మా వాళ్లు అక్కడి రైతులే. మా బాపు ఒక్కడే చదువుకుని చంద్రపూర్ కరెంటు ప్లాంటులో ఉద్యోగం సంపాదించాడు. కాలనీ క్వార్టర్లో పెరిగాం మేం. బాపుకు అక్కంటే భయం, ఆచారమంటే అంతకన్నా భయం. మంగళవారం క్షవరం లేదు, అమావాస్యనాడు ప్రయాణం లేదు, ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మళ్లీ ఇంట్లోకొచ్చి మంచినీళ్లు తాగి పోవాల్సిందే. ఆయనకు ఈ రెండు భయాలూ ఉండడం నా అదృష్టం.

తొంభైల చివరి మాట ఇది. నేనప్పుడు ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తున్నాను. దేశం తలుపులు తెరిచిందని పేపర్ల నిండా రాసేవాళ్లు. మా కాలనీ డాబాల మీద డిష్‌లు మొలిచాయి, స్కూటర్ల పక్కన కార్లు చేరాయి. తెరిచిన తలుపులు లోపలికి వచ్చేవాళ్లకేనా, బయటికి పోయేవాళ్లకు కూడానా అని నాకు అనుమానం వచ్చింది. ఉద్యోగం మానేసి, వీపున ఒక సంచీ తగిలించుకుని, ఒంటరిగా థాయిలాండ్, లావోస్, వియత్నాం తిరిగొస్తానని ఇంట్లో చెప్పాను.

"డిష్ పెట్టిచ్చిన కద. ఎన్ని దేశాలు గావాల్నో గన్ని చూడు" అన్నాడు బాపు. హాస్యమాడుతున్నాడనుకుని నవ్వాను. నాగ్‌పూర్ నుంచి పాస్‌పోర్టు వచ్చిన రోజు ఆయన మొహం చూశాక నవ్వు రాలేదు. పెళ్లి కావలసిన పిల్ల నెలల తరబడి ఒక్కతే దేశాలు తిరిగితే నలుగురూ ఏమంటారని ఆయన దిగులు. "పోతే పో. మల్ల ఈ గడప తొక్కకు" అన్నాడు. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేశాడు.

నన్ను రైలెక్కించడానికి బల్లార్షా స్టేషనుకు అత్త ఒక్కతే వచ్చింది. జాగ్రత్తలేమీ చెప్పలేదు. రైలు కదిలేముందు కిటికీ చువ్వలు పట్టుకుని ఒక్క మాట చెప్పింది. "కొత్త ఊల్లె ఏడికి పోవాల్నో తెల్వకుంటే పొయ్యికాడికి పో. పొయ్యికాడ ఆడోళ్లుంటరు. ఆల్లే చూస్కుంటరు."

చేతిలో గైడు పుస్తకం ఉన్నా, నేను ఆ దేశాలన్నీ తిరిగింది ఈ మాట పట్టుకునే. లావోస్‌లో ఏటి ఒడ్డున ఒక చిన్న ఊళ్లో దిగినప్పుడు నాకు ఒళ్లు కాలిపోతోంది. వానలో తడుస్తూ, పొగ కనిపించిన చోటికి నడిచాను. రోడ్డు పక్కన నూడుల్సు ఉడకబెట్టి అమ్మే ముసలమ్మ నన్ను చూసి ముక్కాలిపీట జరిపింది. మాట తెలియదు, ఊరు తెలియదు. కూర్చున్నాను. ఆమె ముందర చిక్కుళ్లలాంటి కాయలుంటే నేనూ వలిచాను. జ్వరం తగ్గేదాకా వాళ్లింట్లోనే పడుకున్నాను. ఇలాంటి పొయ్యిలు నాకు ప్రతి ఊళ్లోనూ దొరికాయి.

వీలున్నప్పుడల్లా ఇంటికి ఫోన్ చేసేదాన్ని. అమ్మే ఎత్తేది. వెనక టీవీలో వార్తలు గట్టిగా వినిపించేవి. నేను మాట్లాడటం మొదలుపెట్టగానే ఎవరో ఆ చప్పుడు తగ్గించేవారు. బాపు ఉన్నాడా అంటే, "ఉన్నడు, గని రాడు" అనేది అమ్మ.

వానాకాలం మొదట్లో వెళ్లినదాన్ని చలికాలంలో తిరిగొచ్చాను. కలకత్తాలో దిగి ఫోన్ చేస్తే అమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "మీ బాపు ఒద్దంటుండు బిడ్డా. చంద్రపూర్‌ల దిగకు, బల్లార్షా దాక పో. అత్తకు చెప్పిన." సరేనన్నాను. కానీ నాగ్‌పూర్‌లో మారిన రైలు చంద్రపూర్‌లో ఆగినప్పుడు, ప్లాట్‌ఫారం మీద చాయ్ అమ్మేవాళ్లు, బొగ్గు దుమ్ము పట్టిన చెట్లు, అన్నీ నావే అయి ఉండి, దిగకుండా కూర్చోవడానికి సీటు గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది. ఎన్ని దేశాల్లో ఎన్ని రాత్రులు ఒంటరిగా ఉన్నా రాని ఏడుపు నా సొంత ఊరి స్టేషన్లో వచ్చింది.

బల్లార్షాలో అత్త నా బోగీ ఎదురుగానే నిలబడి ఉంది. అందరిలా చిక్కిపోయావనలేదు, నల్లబడ్డావనలేదు. నా సంచీ వైపు చూసి, "గింతేనా సామాన్? నేను కాశీకి రెండు మూటలు మోసిన" అంది. తర్వాత నా చేతిలో సీసా చూసింది. "గా నీళ్లేడియి?"

"హౌరా స్టేషన్ల నల్లావి."

"హౌరాల పారేది గంగనే కద! పారబొయ్యకు. మావందకు పనికొస్తది."

కాశీకి పోయి వచ్చినవాళ్లు ఊరందరినీ పిలిచి పెట్టే భోజనాన్ని మా వైపు మావంద అంటారు. మరాఠీవాళ్లదీ అదే మాట. యాత్ర నుంచి వచ్చినవాళ్లు నేరుగా ఇంట్లోకి పోకూడదు. మేళతాళాలతో గుమ్మం దాకా తీసుకురావాలి. ఇంటి పెద్ద వాళ్ల కాళ్లు కడగాలి. వచ్చింది చిన్నవాళ్లయినా సరే, పెద్దవాళ్లే కాళ్లు కడిగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకోవాలి.

"నేను యాత్రకు పోలేదు కదత్తా, ఊకె తిరిగొచ్చిన" అన్నాను.

"దేవుడున్నడా ఆడ?"

"బుద్ధుడున్నడు. ఏడ జూసినా బుద్ధుడే."

"మన భద్రావతి గుట్టల కూసున్నయనే కద? ఇంకేంది మరి!" అని నా సంచీ తనే అందుకుని బస్సుల వైపు నడిచింది.

అత్త ఊళ్లో అవి పత్తి తీసే రోజులు. నన్ను ఊరికే కూర్చోనివ్వలేదు. ఒడి కట్టించి చేలోకి తోలింది. పత్తి తీస్తూ ఆడవాళ్లు అడిగినన్ని ప్రశ్నలు ఆ తర్వాత నన్ను ఎవరూ అడగలేదు. స్నానం ఎక్కడ చేసేదానివి? బయట చేరినప్పుడు ఏం చేశావు? అక్కడ మగవాళ్లు పెళ్లాలను కొడతారా? వరి నాట్లు మనలాగే వేస్తారా? నేను చెప్పడం ఎక్కడైనా ఆపితే అత్త పక్క సాలు నుంచి కేకేసేది. "గా జెరమొచ్చిన ముచ్చట చెప్పలే! చెప్పు!" ఈ రోజు బడిలో పిల్లలు నోళ్లు తెరుచుకుని నా పాఠం వింటున్నారంటే, నాకు చెప్పడం వచ్చింది ఆ చేలోనే.

ఒక పొద్దున అత్త ఉతికిన చీర కట్టుకుని చంద్రపూర్ బస్సెక్కింది. అక్కడ జరిగింది నాకు అమ్మ తర్వాత చెప్పింది. బాపు వరండాలో పేపరు చదువుకుంటున్నాడట. అత్త వెళ్లి ఎదురుగా కూర్చుని, "తమ్మీ, పిల్ల వచ్చింది. మావంద చెయ్యాలె" అంది.

"అది కాశీకి పోయిందా అక్కా? తిరుగనీకి పోయింది."

"మరి నేను కాశీకి పోయి ఏం చేసిన్నో ఎరుకేనా నీకు?" అందట అత్త. "గుంపు తప్పిపోయిన. అందరు గుడికి పోయిండ్రు, నేను గల్లీలల్ల తప్పిన. పొద్దుగూకే దాక ఒక్కదాన్నే తిరిగిన. ఒక్కదాన్నే కచోరి తిన్న. ఒక్కదాన్నే పడవెక్కిన. ఏడికి పోతున్నవని అడిగెటోడు లేడు. పొద్దుగూకినంక మనోళ్లు దొరికి, నన్ను పట్టుకొని ఏడ్సిండ్రు. నేను ఏడ్వకుంటే మంచిగుండదని ఏడ్సిన. కాశీల నాకు యాదికున్నది గా ఒక్క దినమే. నువ్వు నా కాళ్లు కడిగి గా నీళ్లు నెత్తిన చల్లుకున్నవ్ తమ్మీ. గా కాళ్లు గా దినం తిరిగిన కాళ్లే. మరి నీ బిడ్డ కాళ్లకేమైంది?"

మొన్న అత్త ఇంటి ముందు కూర్చుని ఈ కథను వచ్చినవాళ్లందరికీ బాపే చెప్పాడు. కచోరి దగ్గరికి వచ్చేసరికి ఆపేశాడు. బావ మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

ఆ రోజు మాత్రం బాపు చాలాసేపు పేపరు మడిచి, విప్పి, మళ్లీ మడిచి, "నీ మాట తీసెయ్య అక్కా. మావంద చేస్త. గని దానితోని మాట్లాడ" అన్నాడట. "మాట్లాడుమని నేనన్ననా? నీళ్లు పొయ్యి, సాలు" అని అత్త లేచి వచ్చేసింది.

నాకు ఆ మాట తెలిసినప్పుడు సంతోషంకన్నా బెంగే ఎక్కువైంది. ఇంట్లోకి రానిస్తాడు, మాట్లాడడు. ఒకే కప్పు కింద ఉండి పలకరించని తండ్రితో రోజులెలా గడపాలి? అత్తతో అంటే, "ముందుగాల గుమ్మం దాక పోదాం పా" అంది.

మావంద రోజున అత్త ఊరి నుంచి నన్నూ డప్పులవాళ్లనూ వెంటబెట్టుకుని చంద్రపూర్ వచ్చింది. కాలనీ గేటు దగ్గర నుంచి మా క్వార్టరు దాకా నన్ను నడిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంజనీర్లు, వాళ్ల భార్యలు, షిఫ్టు దిగి వస్తున్నవాళ్లు అందరూ ఆగి చూస్తున్నారు. నా గురించి ఇన్నాళ్లూ ఏమేమి చెప్పుకున్నారో వాళ్లకే తెలియాలి. ఎదురింటి మరాఠీ ఆవిడ గబగబా దిగి వచ్చి నా కాళ్లకు దండం పెట్టి, "కాశీహూన్ ఆలీస్ కా గ?" అంది. కాశీ నుంచి వచ్చావా అని. నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది. "కాశీచ్యా పుఢే గేలీ హోతీ!" కాశీ దాటి ఇంకా ముందుకు పోయి వచ్చిందట! అబద్ధమేమీ కాదు. ఆ మాట నాకన్నా ముందే మా ఇంటికి చేరింది.

గుమ్మం ముందు పీట మీద నిలబెట్టారు. బాపు ధోవతి కట్టుకుని, ఇత్తడి చెంబుతో బయటికి వచ్చాడు. నా ముఖం చూడలేదు. హౌరా నీళ్లు కలిపిన చెంబు వైపే చూస్తూ వంగి కూర్చున్నాడు. డప్పులు చెవులు పగిలేలా మోగుతున్నాయి. ఒక చేత్తో నీళ్లు పోస్తూ రెండో చేత్తో నా పాదం రుద్దాడు. మడమలు బీటలు వారి ఉన్నాయి. చెప్పుల పట్టీలున్న చోట తెల్లగా, మిగతాదంతా నల్లగా ఉంది. బొటనవేలి గోరు కమిలిపోయి ఉంది. ఆ వేలి దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. తల ఎత్తకుండానే ఆయన పెదవులు కదిలాయి. ఆ మోతలో నాకేమీ వినపడలేదు.

అత్త చూసింది. చెయ్యి పైకెత్తింది. డప్పులు ఒక్కసారిగా ఆగిపోయాయి.

బాపు తల ఎత్తి అక్కను చూశాడు. ఆమె చెయ్యి దించలేదు. ఎవరికీ వినపడదనుకుని అన్న మాటను అందరి ముందూ మళ్లీ అనక తప్పలేదు ఆయనకు.

"ఈ గోరుకేమైందే?"

"బండకు తగిలింది బాపూ."

"నొచ్చిందా?"

ఊఁ అని తల ఊపాను. అత్త మాత్రం మా వైపు చూడటం లేదు. మమ్మల్ని వెనకేసుకుని నిలబడి, రెండు చేతులూ చాచి, జనాన్నంతా విస్తళ్ల వైపు తోలుతోంది. "నడువుండ్రి, నడువుండ్రి. ఈడేమున్నది చూడనీకి? అన్నం చల్లారుతుంది!"