భీమిలి అట్ల పొయ్యి దగ్గర నేర్చుకున్న కోపం

ఎనభైల మొదటి రోజులు. పోర్టు ఉద్యోగానికని కృష్ణా జిల్లా నుంచి విశాఖ వచ్చి మూడేళ్లయింది. మా కాలనీ నాటకంలో నాకు తొలిసారి వేషం దొరికింది. అన్న చెప్పాపెట్టకుండా పడవ అమ్మేస్తే నిలదీసే తమ్ముడి వేషం. నేను ఇక్కడి యాసలో నోరు విప్పితే చాలు, రిహార్సల్లో అందరూ నవ్వేవారు. "సోమవారానికి దారిలో పడకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తా" అన్నారు దర్శకుడు. ఆ వేషం పోతే తట్టుకోలేననిపించింది. నాటకం రాసినాయన పుట్టి పెరిగింది భీమిలిలో అని తెలిసి, ఆ ఇంటివాళ్ల మాట వింటే యాస పట్టుబడుతుందని ఆదివారం పొద్దున్నే బయల్దేరాను.

ఆరున్నర బస్సు ఎక్కితే ఆనందపురం, తగరపువలస మీదుగా గంటన్నర. టికెట్టు అప్పట్లో మూడు రూపాయల లోపే. తీరా వెళ్తే ఆయన చిన్ననాటి ఇంటికి తాళం! డచ్చివాళ్ల సమాధులూ గడియార స్తంభమూ చూశాను గానీ, అవి నాకు డైలాగు నేర్పవు కదా. ఆకలేసి, ఆ ఇంటి వీధి మొదట్లో అట్లు పోస్తున్న పెద్దావిడ దగ్గర అరుగు మీద కూర్చున్నాను. రెండట్లు చెప్పి, ఊరుకోలేక డైలాగు గట్టిగా అందుకున్నాను: "పడవ అమ్మేసినావా? నాకొక్క మాటైనా సెప్పాలనిపించనేదా?"

ఆవిడ అట్టు తిరగేస్తూనే, "ఏటి బాబూ, నానేటి సేసినాను?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. సంగతంతా చెప్పుకున్నాను. నాటకం రాసినాయన పేరు వినగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"ఆ బాబేనా! సిన్నప్పుడు నువ్వు కూకున్న అరుగు మీదే కూకునీవోడు. మా అత్తా మావా తగువాడుకుంతంటే సెవులు రిక్కించుకుని ఇనీవోడు. కోపమొస్తే నీలాగ అరవం బాబూ. సేతిలో పనాపితే అట్టు మాడిపోద్ది గదా! ఎటో సూస్తా మెల్లగా అంతాం. అదే గట్టిగా తగులుద్ది."

"ఏదీ, ఒక్కసారి అనమ్మా" అని బతిమాలాను. పెనం మీద నీళ్లు చిలకరిస్తూ, నావైపు చూడనైనా చూడకుండా, ఆ మాటే మెల్లగా అంది. పడవ నిజంగా నేనే అమ్మేసినట్టు తల దించుకున్నాను.

సోమవారం రిహార్సల్లో వల బాగుచేస్తూ, తలెత్తకుండా అలాగే అన్నాను. ఎవరూ నవ్వలేదు. అన్న వేషం వేసినతను ఈ పక్క పల్లెల మనిషి. తన డైలాగు మర్చిపోయి, "తప్పయిపోనాదిరా" అన్నాడు. ఆ మాట నాటకంలో లేదు. దర్శకుడు దాన్ని అలాగే ఉంచేశారు.

రచయితల ఊళ్లకెళ్లి మనం ఇళ్లు వెతుక్కుంటాం. ఆ రచయిత పిల్లాడిగా విన్నది మాత్రం వీధిలో ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. మీరు వెళ్తే టిఫిను చేయకుండా, మొదటి బస్సుకే వెళ్లండి. ఎండెక్కితే పొయ్యిలు ఆర్పేసి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోతారు. ఆ వేషం నాకే దక్కింది. అంతకన్నా సంతోషం ఏమిటంటే, ఆ సోమవారం "తప్పయిపోనాదిరా" అన్నప్పుడు, ఈ ఊళ్లో మొదటిసారి నన్నొకరు తమ్ముడనుకున్నారు.