నిద్రకు కాపలా పెట్టిన ఎర్రచీమలు

ఒక సర్కారు దఫ్తరును పట్టపగలు, సంత రోజున, బడే బాబుతో సహా రోడ్డు మీదికి తరిమిన ఘనత నాది. సమ్మె చేసి కాదు, నినాదాలిచ్చి కాదు, ఒక్క బిస్కెట్ డబ్బాతో. అయితే అందరూ బయటికి పరిగెత్తాక లోపల మిగిలిపోయిన ఒకే ఒక్క మనిషిని కూడా నేనే. ఆ రోజు నా ప్రాణం పోవాల్సింది. పోలేదు కాబట్టి ఇలా నవ్వుతూ చెబుతున్నాను.

మాది కోంటా. నాన్నకు బజారులో కిరాణా కొట్టు. అప్పటికి ఛత్తీస్‌గఢ్ ఇంకా పుట్టలేదు. బస్తర్ జిల్లాకు ఆ కొసన కూర్చుని, ఎప్పుడూ చూడని భోపాల్‌కు జీ హుజూర్ అంటూ బతికేవాళ్లం. ఇంట్లో తెలుగు, దఫ్తరులో హిందీ, సంతలో దోర్లీ, ఇన్ని మాట్లాడేవాడు కొట్లో పప్పు తూచడమేమిటని నాన్న తిరగని చోటు లేకుండా తిరిగి నన్ను గుమాస్తాను చేయించాడు. ఏ దఫ్తరో చెప్పను. ఆ గోడల మీద ఇంకా నా పరువు కొంత మిగిలి ఉండవచ్చు.

నాకిచ్చిన కుర్చీ నర్సయ్య బాబుది. ఆయనకు పగటి నిద్ర ఎక్కువని పేరు. ఒక మధ్యాహ్నం ఎప్పటిలాగే బల్ల మీద తల వాల్చాడు. దఫ్తరు చప్రాసీ లచ్చా సాయంత్రం కిటికీలు మూయడానికి వచ్చి చెయ్యి తగిలించేదాకా ఆయన పోయాడని ఎవరికీ తెలియలేదు. అప్పటివరకు ఆయన చుట్టూ పని నడుస్తూనే ఉంది. ఆయన మోచేతి కింద ఇరుక్కున్న ఫైలును ఒకాయన మెల్లగా లాక్కుని సంతకం కూడా పెట్టాడట. ఆ ఒకాయనే మా బడే బాబు, అంటే హెడ్ గుమాస్తా. తర్వాత అందరూ "గుండె" అనుకున్నారు, కుర్చీ తుడిచి నాకిచ్చారు.

తొలి వానాకాలం వెళ్లేసరికి నాకూ నిద్ర మొదలైంది. మామూలు కునికిపాట్లు కావండీ. రాత్రంతా పడుకుని పొద్దున్నే లేస్తే, ఎవరో నా బదులు రాత్రంతా బస్తాలు మోసి ఆ అలసట మాత్రం నాకు ఇచ్చి పోయినట్టుండేది. కలం పట్టుకుంటే చెయ్యి బరువు. మెట్లెక్కితే ఆయాసం. అన్నం చూస్తే విసుగు. బల్ల ముందు కూర్చోగానే రెప్పలు వాలిపోయేవి. ముఖం కడిగాను. చాయ్ మీద చాయ్ తాగాను. పచ్చిమిరపకాయ కొరికాను, కొరికి, నోట్లో సగం కాయతోనే నిద్రపోయాను.

"క్యా రే సత్యం, ఫిర్ సో గయా?" అనేవాడు బడే బాబు. కోంటాలో ఏళ్ల తరబడి ఉన్నాడు కాబట్టి తర్వాతి తిట్లు తెలుగులోనే తిట్టేవాడు.

ఇంట్లో అమ్మది ఇంకో మాట. "ఏందిరా, పెండ్లి ఈడొచ్చింది, ఇంకా పసిపోరనోలె నిద్రేంది? నెయ్యి తక్కువైందా?" అని అన్నంలో ఇంకో గరిటె పోసేది. నెయ్యితో నిద్ర ఇంకా మెత్తగా వచ్చేది.

ఎందుకింత నిద్రని అడగనివాళ్లే కాదు, అడిగిన మనిషి కూడా ఒకరున్నారు. మలేరియా దీదీ. సూదితో వేలి కొస పొడిచి, చుక్క రక్తం గాజుపలక మీద రాసుకుని పోయే ఆవిడ. దఫ్తరుకు వచ్చినప్పుడల్లా నా ముఖం చూసి ఆగేది.

"బాబూ, తెల్లగ పాలిపోయినవ్. వేలు ఇయ్యి."

"నాకు జ్వరం లేదు దీదీ."

"చలి?"

"లేదు. వట్టి నిద్ర."

"వట్టి నిద్రకైనా చూస్త, ఇయ్యి."

నేను వేలు ఇవ్వలేదు. మలేరియా అంటే రగ్గులు కప్పుకుని మంచం గడగడలాడించేదని నాకు తెలుసు. అది అడవిలో ఊళ్లవాళ్లకు వస్తుందని, బజారులో మేడ ఉన్నవాళ్లకు రాదని కూడా తెలుసు. చదువుకున్నవాణ్ని కదా, తెలియనిది ఏముంటుంది! అసలు సంగతి ఇంకోటి ఉంది. నాకు సూదంటే భయం. ఆవిడ గుమ్మంలో కనబడితే నేను వెనక గుమ్మంలోంచి పోయేవాణ్ని. రోజంతా నాలో చురుకుదనం కనబడేది ఆ ఒక్క నిమిషమే.

ఒకనాడు బల్ల మీద మెలకువ వచ్చేసరికి చెంప కింద కాగితం తడిసి ఉంది, ఎదురుగా బడే బాబు నా మోచేతి కిందనుంచి ఫైలు లాగుతున్నాడు. అది చూశాక నాకు నర్సయ్య బాబు గుర్తొచ్చాడు. ఈ కుర్చీలో నేను చచ్చినా వీళ్లు నిద్రే అనుకుంటారు, సాయంత్రం కిటికీల వేళ దాకా అడగరు. ఆ భయం నన్ను వదల్లేదు. లచ్చాను పక్కకు పిలిచాను.

"లచ్చా, నేను పడుకుంటే నన్ను లేపాలె. ఎప్పుడైనా సరే."

లచ్చా బీడీ ఆర్పేసి నా వైపు జాలిగా చూశాడు. "నర్సయ్య బాబు గూడ గిట్లనే చెప్పిండు బాబూ. లేపిన. తిట్టిండు. మల్ల లేపిన. మల్ల తిట్టిండు. ఇగ లేపలే."

ఇంకేం అడుగుతాను! మనుషులను నమ్మి లాభం లేదు, తిట్టినా పట్టించుకోనివి కావాలి అనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చాయి ఎర్రచీమలు.

మా వైపు చెట్ల మీద ఆకులు కుట్టుకుని గూడు కట్టే ఎర్రచీమలుంటాయి. వాటిని నూరి పచ్చడి చేసి సంతలో ఆకు దొన్నెల్లో అమ్ముతారు. జ్వరం వస్తే కొందరు ఆ గూడు ఒంటి మీద దులుపుకుని కావాలని కుట్టించుకుంటారు కూడా. జ్వరాన్నే తరిమే చీమలకు నిద్ర ఒక లెక్కా? ఇక నా బుర్ర చకచకా పనిచేసింది. చీమలు బిస్కెట్ డబ్బాలో ఉంటాయి. మూత వదులుగా ఉంటుంది. మెలకువగా ఉన్నంతసేపు నేను ఎడమ చేత్తో మూత నొక్కి పట్టుకుంటాను, కుడి చేత్తో రాసుకుంటాను. నిద్ర వచ్చిందా, చెయ్యి జారుతుంది, మూత లేస్తుంది, చీమలు వస్తాయి, నేను లేస్తాను. బడికి పోయినందుకు ఆ ఒక్కరోజే గర్వపడ్డాను.

"గూడు తెచ్చిపెట్టు లచ్చా."

"పచ్చడికా బాబూ?" లచ్చా నోరు తెరిచాడు. మేం కోమట్లం, గుడ్డు కూడా ముట్టం.

"ఛీ ఛీ, నిద్రకు."

"జొరానికి ఇన్న. నిద్రకు ఇనలే." అంటూనే తెచ్చాడు. పెద్ద గూడే తెచ్చాడు, బాబు అడిగాడు కదా అని.

సంత రోజు దఫ్తరు కిటకిటలాడుతోంది. నర్సయ్య బాబు భార్య సరోజనమ్మ కూడా పింఛను సంగతి కనుక్కోవడానికి తోంగ్‌పాల్ నుంచి బస్సెక్కి వచ్చింది. నా ఎదురు బెంచీ మీద కూర్చుంది. ఆమె నన్ను కాదు, నేను కూర్చున్న కుర్చీని చూస్తోందని నాకు అర్థమైంది. నమస్కారం పెట్టాలనుకున్నాను. ఎడమ చెయ్యి డబ్బా మీద ఉంది, ఒక్క చేత్తో పెట్టడం బాగుండదని ఆలోచిస్తున్నాను. నాకు గుర్తున్నది అంతవరకే.

ఇక్కడి నుంచి కథ నాది కాదు, లచ్చా చెప్పిందే. నా చెయ్యి జారింది. మూత లేచింది. నా లెక్క ప్రకారం చీమలు వచ్చాయి, వచ్చి అవి నా లెక్క వదిలేసి సొంత లెక్కలో పడ్డాయి. బల్లలన్నీ ఎక్కాయి. టైపు బాబు పంచె ఎక్కాయి. బడే బాబు ప్యాంటులోకి ఎక్కడిదాకా పోయాయో గాని, ఆయన కుర్చీతో సహా లేచి, "అరె బాప్ రే, మర్ గయా!" అంటూ సంతలో జనం మధ్యకు గెంతాడట. సంతకు వచ్చినవాళ్లు కూరగాయలు వదిలేసి చూశారు. దఫ్తరు మొత్తం రోడ్డు మీద నిలబడి ఒళ్లు దులుపుకుంటోంది.

"సత్యం ఏడి?" అన్నారెవరో.

"లోపల. నిద్రవోతుండు," అన్నాడు లచ్చా.

"సోనే దో," అన్నాడు బడే బాబు, ప్యాంటు దులుపుతూ. "వాడు తెచ్చిన చీమలే, వాటితోనే పడుకోనీ."

నవ్వారట అందరూ. సరోజనమ్మ ఒక్కతే నవ్వలేదు. కిటికీలోంచి చూసింది. చీమలు నా మెడ మీద, చెవి మీద, కనురెప్ప మీద పాకుతున్నాయి. నేను కదలట్లేదు.

"చీమలు కుడుతుంటే నిద్రపోయేటోడు ఎవడయ్యా?" అంది.

బడే బాబు వైపు తిరిగింది.

"మా ఆయన మీద ఒక్క చీమ పాకినా అప్పుడే తెలుస్తుండె గదా మీకు. మీరు నిద్రే అన్నరు. నిద్రే అని నాకు కబురు గూడ చెయ్యలే." అంటూ ఆమె లోపలికి నడిచింది, ఆ చీమల మధ్యకే. నా ముక్కు దగ్గర వేలు పెట్టి, "ఊపిరుంది! బండి తెండి! ఈసారైనా తెండి!" అని అరిచింది. ఆ అరుపుకు అటు పోతున్న కలప లారీ ఆగింది. కలప మీద నన్ను వేశారు. లచ్చా చీమలు ఏరుతూ, ఆమె నా తల ఒళ్లో పెట్టుకుని, భద్రాచలం దాకా వచ్చారు.

మలేరియా తలకెక్కిందన్నాడు డాక్టరు. ఒంట్లో రక్తం నీళ్లలా పలచబడిందని, నెలల తరబడి ముదురుతూ వచ్చిందని, ఆ సాయంత్రం దాకా కుర్చీలోనే ఉంటే దక్కేవాణ్ని కాదని అన్నాడు. కళ్లు తెరిచేసరికి ముఖం గుమ్మడికాయంత వాచి ఉంది. పక్కన అమ్మ ఏడుస్తోంది. "అమ్మా," అన్నాను. అమ్మ కళ్లు తుడుచుకుని, చుట్టూ చూసి, నా చెవిలో మెల్లగా అడిగింది.

"బిడ్డా, నోట్లెకు ఒక్క చీమన్న పోలేదు గదా?"

సరోజనమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆమె చేతులు దద్దుర్లతో వాచి ఉన్నాయి. దణ్ణం పెట్టబోతే వద్దంది. "నీ చీమలు మంచియి నాయినా. ఆయన దగ్గర చీమలు లేకపాయె, నేను లేకపాయె." ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా ఏడ్చాను. నా కంటే ముందు ఆ కుర్చీలో ఆయన కూడా జబ్బుతోనే తూగాడేమో. ఒక చుక్క రక్తం ఎవరూ తీయలేదు కాబట్టి ఇక ఎప్పటికీ తెలియదు.

అందుకని ఆ భద్రాచలం మంచం మీదే, నా వాచిన ముఖం సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. జీవుల్ని డబ్బాలో పెట్టి నౌకరీ చేయించను. సూది పట్టుకుని వచ్చేవాళ్లకు వెనక గుమ్మం చూపించను. నా ఎదుట బల్ల మీద ఎవరు తల వాల్చినా, తిట్టినా కొట్టినా, లేపకుండా వదలను. ఈ చివరిది మాత్రం ఒక్కనాడూ తప్పలేదు. ఉద్యోగమంతా లేపుతూనే ఉన్నాను, అందరితో తిట్లు తింటూనే ఉన్నాను. రిటైరైన రోజు సన్మాన సభలో మా పెద్ద సాహెబ్ నా గొప్పతనం గురించి మాట్లాడుతూ వేదిక మీదే కునుకు తీశాడు. దండ మెడలో ఉండగానే లేచి వెళ్లి, భుజం పట్టి కుదిపి, మలేరియా దీదీలా వేలు ఇమ్మన్నాను.