సుత్తి చెప్పే మాట

దోహాలో కార్ఖానాలుండే సనయ్యాలో ఆ షెడ్డు నిండా గేట్లు, గ్రిల్లులు. ఒక్క మూలనే బొగ్గుల కొలిమి. దాని వెలుగులో హన్మాండ్లు ఒంటరిగా కనబడతాడు, దీపం పెట్టి మరిచిపోయిన గదిలా.

ఒక పాత కోటలో ప్రదర్శనకు పంతొమ్మిదో శతాబ్దపు ఫిరంగి బండి తయారవుతోంది. దాన్ని లాగే ఇనుప కడియాలను ఆ కాలం పద్ధతిలో, నిప్పులో కాల్చి సమ్మెటతోనే అతకాలట. నిర్మల్ వైపు కమ్మరి కదా అని హన్మాండ్లును గేట్ల పని మాన్పించి ఇక్కడ నిలబెట్టారు. పదేళ్ల తర్వాత కొలిమి వాసన తగిలింది అతనికి.

ఊళ్లో సమ్మెట వేసింది భార్య సాయవ్వ. పనిలో ఇద్దరికీ మాటలుండేవి కావు. అతని చిన్న సుత్తి తాకిన చోట ఆమె సమ్మెట పడేది. సుత్తి ఇనుమును వదిలి కింది ఉత్త దాగలి దిమ్మ మీద మోగితే ఆగేది.

ఇక్కడ సమ్మెట అమలాపురం వెల్డర్ జడ్సన్ చేతికిచ్చారు.

కడియం కొసలు తెల్లగా కాలాయి. దెబ్బలు పడ్డాయి. అతుకు ఎర్రబడి నల్లబడుతుంటే హన్మాండ్లు దాగలి మీద సుత్తి మోగించాడు. జడ్సన్ ఇంకా గట్టిగా కొట్టాడు. చల్లారిన అతుకు విచ్చుకుంది.

"ఆపుమన్న గద తమ్మీ."

"ఎప్పుడన్నారు బాబాయ్? మీరు తాళం వేస్తుంటే హుషారు చేస్తున్నారనుకున్నా. నోరుంది కదా, దాంతో చెప్పొచ్చుగా."

ఫోర్‌మన్ సమద్ హైదరాబాదీ. విరిగిన కడియాన్ని బూటుతో కదిపాడు. "ఇంకొక్కటి చూస్త. అది గూడ పోతే మెషిన్‌తోని అతికిస్తం. నువ్వు మళ్ల గేట్ల దిక్కే, హన్మాండ్లూ."

రెండో కడియం కాలింది. అతుకు రంగు తిరగబోతుంటే హన్మాండ్లు చెయ్యి అలవాటుగా దాగలి వైపు కదిలింది. దాన్ని గాల్లోనే ఆపుకున్నాడు.

"ఆగు," అన్నాడు.

సమ్మెట ఆగింది. కడియం అతికింది.

"చూశారా, ఎంత సుఖమో," అన్నాడు జడ్సన్, చెమట తుడుచుకుంటూ.

మిగిలిన కడియాలూ హన్మాండ్లుకే ఇచ్చారు. సాయంత్రం దాకా షెడ్డులో అతని గొంతే. కొట్టు. ఆగు. కొట్టు. ఆగు.

నజ్మా బస్తీలో తన గదికి చేరాక సాయవ్వ ఫోన్ చేసింది.

"గొంతేంది గట్లున్నది? దుబాయిల సర్ది పట్టిందా?" ఊళ్లో వాళ్లకు ఏ గల్ఫ్ దేశమైనా దుబాయే.

కొలిమి దొరికిన సంగతి చెబుదామనుకున్నాడు. చెబితే, సమ్మెట ఎవరు వేస్తున్నారని అడుగుతుంది.

"ఏం లేదే. దుమ్ము," అన్నాడు.