కాగ్నా ఇచ్చిన కట్టె

వానలు తగ్గాక తాండూరు పక్కన కాగ్నా నది ఒడ్డు నుంచి మా ఆయన ఒక కట్టెముక్క ఏరుకొచ్చాడు. వికారాబాద్‌లో ఆడబిడ్డ కొత్త ఇల్లు కట్టుకుంది. ఆమె గృహప్రవేశానికి ఇద్దామని ఆయన వేపకర్రతో కొంగను చెక్కుతున్నాడు. దాన్ని నిలబెట్టడానికి నీళ్లలో నాని వంపు తిరిగిన కట్టె కావాలి. చెక్కడం ఆయన పని, కట్టెను తయారు చేయడం నా పని.

కడుగుతుంటే ఒక కొసన నల్లటి మచ్చ బయటపడింది. అత్తమ్మ నన్ను గడప బయటే ఆపేసింది.

“గది కాష్టం కట్టె గాదు గదనే? పైన యాడనో పీనుగును కాల్చింటరు, వరదకు కొట్టుకొచ్చింటది. నా బిడ్డ కొత్తింట్లకు గది వోతదా?”

“కట్టెకు గూడ కులగోత్రాలు అడుగుతవేందమ్మా?” అన్నాడు మా ఆయన.

“నువ్వు నోర్మూయ్. ఇంకో కట్టె చూడు.”

కట్టెలు దొరుకుతాయి, ఆ వంపు దొరకదు. ఎండలో పెడితే పగులుతుందని పెరట్లో నీడన ఆరబెట్టాను. తడి పూర్తిగా పోయాక అత్తమ్మను పిలిచి ఉలి ఆమె చేతికే ఇచ్చాను.

“మీరే గీకి చూడుర్రి, అత్తమ్మా. బొగ్గయితే చేతి ఏళ్లకు అంటుకుంటది.”

దేవుణ్ణి తలుచుకుంటూ పక్కన కూర్చున్నాను. ఆమె గీకింది. మచ్చ కింద నుంచి గోధుమరంగు పొడి రాలింది. వేళ్లు చూసుకుంది, వాసన చూసింది.

“కాలలే. మురిగింది,” అంది.

మనసులోనే దండం పెట్టుకున్నాను. అయితే కొంగ కాళ్లు దిగవలసింది ఆ మురిగిన చోటే. గోరుతో నొక్కితే లోపలికి పోతోంది.

నాపరాళ్ల పాలిష్ పనికి వెళ్లే పక్కింటి అన్న, రాతి పగుళ్లలో నింపే రెసిన్ ఒక డబ్బాలో పోసిచ్చాడు. ఆయన మేలు మరువను. మెత్తటి పొడినంతా గీకేసి, రెసిన్‌ను తిన్నర్‌తో పలుచన చేసి కుంచెతో పూశాను. పూసిందంతా తాగేసింది. ఆరనిచ్చి మళ్లీ పూశాను, ఇక తాగలేక పైన మెరిసేదాకా. బాగా గట్టిపడ్డాక మా ఆయన డ్రిల్లుతో రంధ్రాలు వేశాడు. అంచులు చిట్లలేదు. కొంగ ఇనుప కాళ్లు బిగుతుగా దిగాయి.

వికారాబాద్ రైల్లో అత్తమ్మ దాన్ని మా ఇద్దరి చేతికీ ఇవ్వలేదు. ఒళ్లో గొంగడి పరిచి పెట్టుకుంది. ఎదుటి సీటావిడ ముందుకు వంగింది.

“మస్తుందవ్వా. ఏ దుకాణంల కొన్నరు?”

“దుకాణం గాదు, మా కాగ్నా ఇచ్చింది. కొడుకు చెక్కిండు, కోడలు గట్టిజేసింది. నా బిడ్డ కొత్తింట్లకు కొంచవోతున్న. జర ఎనక్కి జరుగు, ముక్కు తాకుతది.”