రెండో ఆదివారం ఆంటీ

మంగళవారం ఉదయం ఆఫీసుకు వెళ్ళే రైల్లో ఉండగా ఆంటీ పోయారని తెలిసింది. ఆవిడ కూతురు ఫోన్ చేసి, "మమ్మీ ఈజ్ గాన్, అక్కా. పొద్దున్నే" అంది. సరే అన్నాను. ఇంకేమైనా అడగాలని తోచలేదు. దిగాల్సిన స్టేషన్లో దిగి, ఆఫీసుకు వెళ్ళి, మీటింగులో నా వంతు వచ్చినప్పుడు మాట్లాడాను కూడా. మధ్యాహ్నం పక్క సీటు అమ్మాయి భోజనానికి పిలిస్తే అప్పుడు చెప్పాను, మా చర్చిలో ఒకావిడ చనిపోయారని. బాగా దగ్గరివాళ్ళా అని అడిగింది. తల ఊపాను.

అది జరిగి మూడు వారాలైంది. నాకింకా ఏడుపు రాలేదు. రాస్తే వస్తుందన్న ఆశ కూడా పెద్దగా లేదు. ఆవిడ ఎవరో తెలియనివాళ్ళకు చెప్పాలని మాత్రం ఉంది.

సింగపూర్‌లో పెద్దవాళ్ళందరూ ఆంటీలూ అంకుళ్ళే. లిఫ్టులో కనిపించే చైనా ముసలావిడా ఆంటీయే, కాఫీ కలిపి ఇచ్చే ఆవిడా ఆంటీయే. మా తెలుగు కేథలిక్కుల్లో మాత్రం ముందూ వెనకా ఏ పేరూ లేకుండా ఆంటీ అంటే ఒక్కరే. గుంటూరు దగ్గరి పల్లె నుంచి, పెళ్ళయిన ఏడాదికి, షిప్‌యార్డులో పనిచేసే భర్త వెంట వచ్చారు. ఆయన పోయాక కూతురితో కలిసి బెడోక్‌లో అదే పాత ఫ్లాటులో ఉండిపోయారు. ఇన్నేళ్ళలో ఆవిడ తెలుగులోకి కొంత తమిళమూ కొంత మలయ్ వచ్చి చేరాయి. గుంటూరు యాస మాత్రం చెక్కు చెదరలేదు.

నేను ఆవిడను మొదట చూసింది పన్నెండేళ్ళ కిందట. ఉద్యోగానికి ఒంటరిగా వచ్చి, బెడోక్‌లో ఒక గది అద్దెకు తీసుకుని, మొదటి ఆదివారం చర్చిలో ఇంగ్లీషు పూజకు వెళ్ళాను. అందరూ ఇంగ్లీషులో జవాబులు చెబుతుంటే నా నోటికి చిన్నప్పటి తెలుగు జపాలే వచ్చాయి. పైకి వినపడకుండా గొణుక్కుంటున్నాననుకున్నాను. ముందు వరుసలో నేత చీర కట్టుకున్న ఒకావిడ ఒక్కసారి వెనక్కి చూసి మళ్ళీ అటు తిరిగారు. పూజ అయ్యాక గుమ్మం దగ్గర నా కోసం ఆగి ఉన్నారు.

"ఏ ఊరమ్మాయ్?"

"విజయవాడండి."

"నీ పక్కన కూర్చున్న ఫిలిప్పీన్ పిల్ల నువ్వేందో మంత్రాలు చదువుతున్నావనుకుని భయపడింది. మకాన్ అయిందా?"

నాకు అర్థం కాలేదు.

"తిన్నావా అంటన్నా. ఇక్కడ అట్టా అంటారు."

"లేదండి. రూముకెళ్ళి తింటాను."

"రూములో ఏముంది?"

రూములో బ్రెడ్డు ఉంది. ఆ సంగతి నేను చెప్పలేదు. ఆవిడ చెప్పించుకోనూ లేదు. మా చర్చి కింద ఒక క్యాంటీన్ ఉంది. అక్కడికి తీసుకెళ్ళి, ఒక బల్ల ముందు కూర్చోబెట్టి, సంచిలోంచి స్టీలు డబ్బా తీశారు. పులిహోర. అది ఆవిడ తన కోసం తెచ్చుకున్నదని నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని, ఆ వారం చేపల ధర ఎంత పెరిగిందో చెప్పారు.

మాకు నెలకోసారి, రెండో ఆదివారం మధ్యాహ్నం తెలుగు పూజ ఉంటుంది. అయ్యాక క్యాంటీన్‌లోనే అందరికీ భోజనం. ఆ భోజనం మొదలుపెట్టింది ఆంటీ. వచ్చేవాళ్ళలో రెండు రకాలు. బ్యాంకుల్లోనూ కంప్యూటర్ కంపెనీల్లోనూ పనిచేసే మాలాంటి కుటుంబాలు ఒకటి. కట్టడాల్లోనూ షిప్‌యార్డుల్లోనూ పనిచేస్తూ డార్మిటరీల్లో ఉండే మగవాళ్ళు రెండోది. మేం ఒక పక్క బల్లల దగ్గర, వాళ్ళు ఒక పక్క బల్లల దగ్గర కూర్చునేవాళ్ళం. ఎవరూ అలా కూర్చోమని చెప్పలేదు. ఆంటీ దాని గురించి ఎప్పుడూ ఉపన్యాసం ఇవ్వలేదు. మా బల్లకు వడ్డించడానికి వాళ్ళలో ఒకరిని, వాళ్ళ బల్లకు వడ్డించడానికి మాలో ఒకరిని పిలిచి చేతికి గరిటె ఇచ్చేవారు, అంతే. పప్పు కావాలా అని అడగాలంటే మొహం చూడాలి కదా. అలా కొందరి మొహాలు, తర్వాత పేర్లు, తర్వాత వాళ్ళ పిల్లల పేర్లు తెలిశాయి.

ఆవిడ అందరికంటే చివర తినేవారు. చేతిసంచిలో ఎప్పుడూ ప్యాకెట్లు కోయడానికి ఒక కత్తెర, వేడి గిన్నెలు పట్టుకోవడానికి పాత చీర చించిన గుడ్డముక్కలు నాలుగు ఉండేవి. ఎవరైనా గొడవ పడుతుంటే, "తిన్నాక మాట్లాడుకుందాం" అనేవారు. తిన్నాక చాలామందికి మాట్లాడే ఓపిక ఉండేది కాదు. ఇంత కష్టం ఎందుకు, పూజ అయ్యాక ఎవరింటికి వాళ్ళం వెళ్ళి తినొచ్చు కదా అని ఒకసారి అడిగాను. "గుడికి ఆకలితో వచ్చినోణ్ణి ఆకలితోనే పంపిస్తే ఆ పూజ నాకు ఆనదు" అన్నారు.

కరోనాకు ముందు ఏడాది నన్ను మా సంఘానికి కార్యదర్శిని చేశారు. అప్పటికి నాకు పెళ్ళయి సెరంగూన్‌కు మారాం గానీ పూజకు పాత చర్చికే వచ్చేవాళ్ళం. ఆంటీకి మోకాళ్ళు నొప్పులు. అయినా గిన్నెలు చక్రాల బండిలో పెట్టుకుని బస్సెక్కి వచ్చేవారు. ఆ క్రిస్మస్‌కైనా ఆవిడకు విశ్రాంతి ఇవ్వాలని నాకు గట్టిగా అనిపించింది. క్యాటరింగ్ చెప్పాను. ఎంతమంది వస్తారో తెలియడానికి ఫోన్లో నింపే ఫారం ఒకటి చేసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఎనభై మంది నింపారు. ఎనభై మందికి చెప్పాను. ఆ గ్రూపులో ఉన్నవాళ్ళు ఎవరో, లేనివాళ్ళు ఎవరో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఆ క్రిస్మస్ భోజనం రోజు ఆంటీని బలవంతంగా కుర్చీలో కూర్చోబెట్టి, ఆవిడ ముందు నేనే పళ్ళెం పెట్టాను. సగం మంది తినడం మొదలుపెట్టారు. అప్పుడు గుమ్మంలోకి ఇరవై మందికి పైగా షిప్‌యార్డువాళ్ళు వచ్చి నిలబడ్డారు. సగం రోజు డ్యూటీ చేసి, స్నానాలు చేసి, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, పూజ చివర్లో అందుకుని పైనుంచి దిగి వచ్చారు. అప్పటికే ట్రేలు అడుగంటాయి. క్యాటరింగ్ వాళ్ళు సర్దుకుంటున్నారు. వచ్చినవాళ్ళలో ముందున్నది శ్రీకాకుళం వైపు వెల్డర్. అతను నా మొహం చూసి విషయం గ్రహించాడు.

"పర్లేదు మేడమ్. బయట తినీసి ఎల్లిపోతాం. పూజ అందింది, సాలు."

ఆంటీ లేచారు. తన పళ్ళెం తీసుకుని వెళ్ళి అతని చేతిలో పెట్టారు. తర్వాత మా వైపు తిరిగారు. గొంతు పెంచలేదు.

"ఇంకా చెయ్యి పెట్టనోళ్ళు ప్లేట్లు ఇటివ్వండి."

మొదట ఒక బ్యాంకు మేనేజరు లేచి తన పళ్ళెం తెచ్చి ఇచ్చాడు. తర్వాత మా ఆయన. తర్వాత ఒక్కొక్కరూ. అలా పధ్నాలుగు పళ్ళేలు వచ్చాయి. అప్పటికే తింటున్నవాళ్ళు లేచి కుర్చీలు ఇచ్చి, గోడ పక్కన నిలబడి తిన్నారు. మిగిలినవాళ్ళకు క్యాంటీన్ నడిపే చైనా అంకుల్ పొయ్యి మళ్ళీ వెలిగించి నూడుల్స్ వేయించాడు. ఆంటీ టీ తాగి బస్సెక్కి వెళ్ళిపోయారు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

నిజం చెప్పాలంటే నాకు ముందు వచ్చింది సిగ్గు కాదు, కోపం. ఆవిడ కోసమే కదా ఇదంతా చేశాను, అందరి ముందూ నా పరువు తీశారే అని. ఇంటికెళ్ళి మా ఆయనతో అదే అన్నాను. పళ్ళెం ఇచ్చేసి వచ్చారు కనుక, ఆయన వంటింట్లో బ్రెడ్డు కాల్చుకుంటున్నారు. అది చూశాక కోపం పోయి సిగ్గు మిగిలింది.

తర్వాతి నెల, రెండో ఆదివారానికి ముందు గురువారం ఆంటీ ఫోన్ చేశారు. "శనివారం ఉల్లిపాయలు కొయ్యాలి, రా." వెళ్ళాను. ఆవిడ వంటింట్లో ఇద్దరం కింద కూర్చున్నాం. మూడో కిలో దగ్గర నోరు తెరిచాను.

"ఆంటీ, ఆ రోజు తప్పు చేశాను."

"తప్పేముంది. లిస్టు రాశావు. లిస్టులో లేనోళ్ళకి ఆకలెయ్యదనుకున్నావు, అంతే. సన్నగా కొయ్యి."

అప్పటికే ఉల్లిపాయలకు కళ్ళు మండుతున్నాయి కనుక నేను ఏడ్చినా ఆవిడకు తెలియలేదు. తెలిసే ఉంటుంది. ఆ తర్వాత మేం ఎప్పుడూ లిస్టు రాయలేదు. వెల్డరుతో సహా కొందరి నంబర్లు గ్రూపులో చేర్చాను. వాళ్ళు నన్ను మేడమ్ అనడం మానడానికి మాత్రం ఇంకో రెండేళ్ళు పట్టింది.

కరోనా వచ్చి చర్చి మూసేశారు. డార్మిటరీల్లోంచి ఎవరినీ బయటికి రానివ్వలేదు, తిండి కూడా పొట్లాల్లో లోపలికే పంపేవారు. భోజనాలు ఆగిపోయాయి. ఆ రోజుల్లో ఆంటీ ఏం చేశారో వాళ్ళు బయటికి వచ్చాక వెల్డరు చెప్పాడు. రోజుకు నలుగురైదుగురికి ఫోన్ చేసేవారట. ధైర్యంగా ఉండు, ప్రార్థన చెయ్యి అని ఏమీ చెప్పేవారు కాదట. "ఇయ్యాల పొట్లంలో ఏమొచ్చింది?" అని అడిగేవారట. వీళ్ళు చెబితే, "ఆ కూరలో కాస్త నిమ్మకాయ పచ్చడి నంజుకో" అనో, "ఆ చేప ముందు తినెయ్, అన్నం ఆగుద్ది" అనో చెప్పి పెట్టేసేవారట. "అమ్మ ఫోన్ వస్తాది కదా, ఏం తిన్నానో సెప్పాలి కదా అని తినీవోణ్ణి అక్కా. లేపోతే కొన్ని రోజులు తినాలనిపించీది కాదు" అన్నాడు.

ఈ ఏడాది మొదట్లో ఆవిడకు కిడ్నీలు చెడ్డాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. అయినా రెండో ఆదివారం మానలేదు. కుర్చీ వేయించుకుని కూర్చుని, ఎవరు తిన్నారో ఎవరు తినలేదో చూసేవారు. తను తినడానికి వీల్లేని వంటకాలన్నీ మాకు వడ్డించేవారు.

ఆఖరిసారి చూసింది ఆసుపత్రిలో. పోవడానికి మూడు రోజుల ముందు, శనివారం. నిద్రలో ఉన్నారు. పక్కన బల్ల మీద మధ్యాహ్నం ఇచ్చిన గంజి, ఉడికించిన క్యారెట్లు అలాగే ఉన్నాయి. కూతురూ నేనూ మంచానికి చెరో పక్క కూర్చున్నాం. కాసేపటికి కళ్ళు తెరిచి నన్ను చూశారు. తర్వాత పళ్ళెం వైపు చూశారు.

"తిను. పారేస్తారు."

కూతురు అలిసిపోయి నవ్వింది. "జస్ట్ ఈట్ లా, అక్కా. షి వోంట్ స్టాప్."

ఆసుపత్రి గంజి ఉప్పు లేకుండా ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. మొత్తం తిన్నాను. ఆవిడ పూర్తయ్యేదాకా చూసి కళ్ళు మూసుకున్నారు.

రెండు రోజులు ఆవిడ ఉండే అపార్టుమెంటు బ్లాకు కింద ఖాళీ జాగాలో శవపెట్టెను ఉంచారు. సాయంత్రాలు జపమాల చెప్పారు. తమిళులు, ఫిలిప్పీన్‌వాళ్ళు, పై అంతస్తుల చైనావాళ్ళు అందరూ వచ్చారు. క్యాంటీన్ అంకుల్ మోకరించడం రాక నిలబడే ఉండి, అందరూ వెళ్ళేదాకా కదల్లేదు. వెల్డరు వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను వచ్చినవాళ్ళ కోసం ఐసు డబ్బాలో జ్యూస్ ప్యాకెట్లు నింపాను. అయిపోతే మళ్ళీ నింపాను. దహనానికి తీసుకెళ్ళేటప్పుడు బస్సులో ఎవరెవరు ఎక్కారో చూసుకున్నాను. దహనశాల హాల్లో అద్దం వెనక పెట్టె కదిలి వెళ్తుంటే చూశాను. ఆ రోజు నాకు గుర్తున్నది ఆ హాల్లో ఏసీ చాలా చల్లగా ఉండటం. ఇంటికొచ్చి బట్టలు ఉతికాను.

తర్వాత వచ్చింది రెండో ఆదివారం. భోజనం ఉంటుందా అని గ్రూపులో ఎవరూ అడగలేదు. ఉండదని ఎవరూ చెప్పలేదు. నాకు తోచింది నేను చేశాను. ఒక పెద్ద గిన్నెడు దోసకాయ పప్పు వండి టాక్సీలో తీసుకెళ్ళాను. పూజ అయ్యాక కిందికి దిగి చూస్తే క్యాంటీన్ బల్ల మీద అప్పటికే ఆరు గిన్నెలు ఉన్నాయి. మూతలు తీశాం. టమాటా పప్పు, గోంగూర పప్పు, కోడికూర, ఇంకో కోడికూర, వంకాయ, పప్పుచారు. డార్మిటరీలవాళ్ళు కూడా చందాలేసుకుని పెరుగు డబ్బాలు తెచ్చారు. యాభై మందిమి పళ్ళేలు పట్టుకుని నిలబడ్డాం.

"అన్నం ఏది?" అని ఎవరో అడిగారు.

ఎవరూ వండలేదు. కూరలు ఎవరు తెచ్చినా అన్నం ఎప్పుడూ ఆవిడే తెచ్చేవారు, జబ్బు పడ్డాక కూతురి చేత తెప్పించేవారు. మాకెవరికీ అది ఒక వంటగా తోచనే లేదు. ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

వెల్డరు నలుగురిని వెంటబెట్టుకుని రోడ్డవతల కాఫీ షాపుకు, అంటే ఇక్కడ భోజనాల స్టాళ్ళు కూడా ఉండే చోటికి, వెళ్ళాడు. అన్నం అమ్మే స్టాలులో ఉన్నదంతా తెల్లన్నం పొట్లాలు కట్టించి, నాలుగు సంచుల్లో మోసుకొచ్చారు. అన్నం గిన్నెలోకి తీసే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది. ఎవరి పొట్లం వాళ్ళం బల్లల మీదే విప్పుకున్నాం. ఎవరు ఏ బల్ల దగ్గర ఖాళీ ఉంటే అక్కడ కూర్చున్నాం. ఒకరు పప్పు, ఒకరు కూర వడ్డించుకుంటూ వెళ్ళారు. పైన ఫ్యాన్లు గట్టిగా తిరుగుతున్నాయి. ఆ గాలికి గోధుమరంగు కాగితాల అంచులు లేచి అన్నం మీద పడుతున్నాయి. అందరం ఎడమచేత్తో కాగితం అదిమిపట్టుకుని, కుడిచేత్తో తిన్నాం.