పాటు దిగిన సముద్రంలోకి మా బావ

నేను చెప్పే మాటల్లో సగం కోతలని మా దీవిలో, మాయాబందర్ జెట్టీ మీది కుక్కలకు కూడా తెలుసు. మడ అడవి కాలువలో మొసలి తోక పట్టుకుని ఒడ్డుకు లాగానని, అది వెళ్తూ వెళ్తూ నాకు దండం పెట్టిందని ఊరంతా చెప్పుకొచ్చినవాణ్ణి నేనే. తొమ్మిదో క్లాసులో బడి నన్ను వదిలేసింది గాని, లేకపోతే ఈపాటికి ఆ మొసలి మీద ఒక పాఠం ఉండేది. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం మిగతా సగంలోది. ఇది మా అక్క లీదియా మొగుడు, మా బావ కన్నారావు సంగతి.

బావ తాపీమేస్త్రీ. మా ఊళ్లో చాలా గోడలు ఆయన చేతివే. ఎవరికి ఇల్లు కట్టినా గాలి వస్తుందని సముద్రం వైపు పెద్ద కిటికీ పెట్టేవాడు. తన ఇంటికి మాత్రం అటువైపు పిల్లి దూరేంత సందు కూడా ఉంచలేదు. గుట్ట మీద ఇల్లు, మూడు వైపులా కిటికీలు, సముద్రం వైపు మొండిగోడ.

"బావా, సముద్రంతో నీకేమన్నా కోర్టు కేసు నడుస్తోందా?" అనేవాణ్ణి.

"పని చూసుకోరా" అనేవాడు.

నవ్వడం రాని మనిషేమీ కాదు. కొత్త స్కూటీ కొన్ననాడు నవ్వాడు. గోడంత టీవీ తెచ్చిననాడు నవ్వాడు. వారం తిరగకుండానే ఆ నవ్వు సర్వీసింగుకి పోయేది, మళ్లీ ఇంటికి వచ్చేది కాదు. మందు కూడా తాగి చూశాడు. తాగితే మనుషులు పాడతారు, కొట్లాడతారు. ఈయన ఆ మొండిగోడ వైపు తిరిగి పడుకునేవాడు.

కారణం మాకందరికీ తెలుసు, ఎవరం ఎత్తం. రెండువేల నాలుగులో, క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. అప్పుడు బావ వాళ్లు దక్షిణాన ఇంకో దీవిలో, హట్‌బేలో ఉండేవారు. చేపలు పట్టే కుటుంబం. పొద్దున్నే భూమి ఊగింది. కాసేపటికి సముద్రం, చాప చుట్టినట్టు, వెనక్కి పోయింది. అడుగున ఉన్న నేల బయటపడి, చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. బావకు అప్పటికి ఇరవై రెండేళ్లు. లోపలికి పరిగెత్తి, ఒడ్డున ఉన్న తమ్ముణ్ణి కేకేశాడు, "ఒరే చక్రీ, బుట్ట తేరా" అని. చక్రి బుట్ట తెచ్చాడు. వెనకే నీళ్లు వచ్చాయి. ఇద్దరూ పరిగెత్తారు. బావ చేతికి కొబ్బరిచెట్టు దొరికింది. చక్రి చేతికి ఏదీ దొరకలేదు.

ఆ తర్వాత బావ తల్లి యర్రమ్మను తీసుకుని మాయాబందర్ వచ్చేశాడు. వల వదిలి తాపీ పట్టాడు. సముద్రంలో మళ్లీ కాలు పెట్టలేదు. పోర్ట్ బ్లెయిర్ వెళ్లే దారిలో బస్సును సముద్రపు పాయ దాటించే పంటు ఎక్కితే, అవతలి ఒడ్డు వచ్చేదాకా కళ్లు మూసుకుని కూర్చునేవాడు.

మా అక్కను చేసుకున్నాక ఆదివారం ఆదివారం ఆమెను చర్చి గేటు దాకా దింపి, బయట స్కూటీ మీదే కూర్చుని పల్లీలు తినేవాడు.

"లోపలికి రావచ్చు కదండీ" అనేది అక్క.

"మీ దేవుడికి నాతో పనేంటి?"

పని ఉందని తర్వాత తేలింది. మా అక్క ఈ దీవుల్లో పుట్టి, హిందీ మీడియంలో చదివింది. తెలుగు గడగడా మాట్లాడుతుంది. చదవమంటే మాత్రం ఒక్కో అక్షరం దగ్గర ఆగి దాని క్షేమసమాచారం కనుక్కుంటుంది. ఆ విషయంలో నేను ఆమెకు తగిన తమ్ముణ్ణి. సాయంత్రం ఇంట్లో ప్రార్థన చేసుకునేటప్పుడు ఆమె వాక్యం చదువుతుంటే, చిన్నప్పుడు శ్రీకాకుళం వైపు ఐదో క్లాసు దాకా తెలుగు బడిలో చదివిన బావకు చెవులు కాలిపోయేవి. ఒకనాడు విసుగెత్తి ఆమె చేతిలోంచి బైబిలు లాక్కున్నాడు.

"ఇలా ఇయ్యి. నీ చదువు వింటే ఆ దేవుడు కూడా ఛోడో, వదిలెయ్ అని వెళ్లిపోతాడు."

"అయితే రోజూ మీరే చదవండి."

"చదువుతా. నమ్ముతాననుకోకు."

"నేను నమ్మమన్నానా? చదవమన్నాను."

అలా నమ్మకం లేని మనిషి మా ఇంటి పాఠకుడయ్యాడు. చాలా నెలలు రేడియోలో వార్తలు చదివినట్టు చదివాడు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి ఆగిపోయాడు. ప్రభువు ఎవరో తెలియదని బొంకి తప్పించుకున్న శిష్యుడు మళ్లీ చేపల వేటకు పోయి తిరిగొస్తుంటే, ఆ ప్రభువే ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, వచ్చి తినమంటున్న చోటు అది. బావ ఆ పేజీ మళ్లీ మొదటినుంచి చదివాడు. ఈసారి మాకు వినిపించడానికి కాదు.

"లీదియా, పారిపోయినవాణ్ణి ఈయన ఒక్క మాట కూడా తిట్టలేదేంటి?"

"ఆయన తిట్టడండీ."

మొహం కడుక్కొస్తానని బావ పెరట్లోకి వెళ్లాడు. అంతసేపు కడుక్కోవలసిన మొహం కాదు అది. ఆపై ఆదివారం గేటు బయట స్కూటీ ఒక్కటే ఉంది.

ఏడాది తిరిగేసరికి బాప్తిస్మం తీసుకుంటానన్నాడు. మా చర్చిలో బాప్తిస్మమంటే సముద్రంలోనే. తాతల నాటినుంచీ అంతే.

"పాస్టరు గారి దగ్గర నాకు పలుకుబడి ఉంది బావా. ట్యాంకులో ఇప్పిస్తాను" అన్నాను.

"వద్దు స్టీవెన్. సముద్రంలో దిగలేకపోతే నేను ఇన్నాళ్లు చదివిందంతా నోటి పనే."

అన్నాడే గాని, ఆ వారమంతా కంచంలో అన్నం కెలికి లేచాడని అక్క చెప్పింది.

అసలు తమాషా ఇక్కడుంది. మా పాస్టరు యిర్మియా గారు ఖమ్మం నుంచి కొత్తగా వచ్చారు. ఆయన ఎరిగిన నీళ్లు చెరువులో బుద్ధిగా కూర్చునేవి. ఎండ తగ్గుతుందని, ఆదివారం సాయంత్రం నాలుగింటికి బాప్తిస్మమని ప్రకటించేశారు. అది అమావాస్య ఆదివారం. అమావాస్యకు మా దగ్గర పొద్దున పోటు. నాలుగింటికి నిండు పాటు, నీళ్లు ఎక్కడికో వెనక్కి పోతాయి. ఈ సంగతి చర్చిలో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. పల్పిట్ మీంచి వచ్చిన మాటకు అడ్డం ఎలా చెబుతామని, పక్కవాడు చెప్పకపోతాడా అని, ఎవరికి వాళ్లు ఊరుకున్నారు.

నాలుగింటికి పాడుకుంటూ తీరానికి వెళ్తే సముద్రం లేదు.

"నీళ్లేవి బ్రదర్?" అని పాస్టరు గారు నన్నడిగారు, నేనెక్కడో దాచినట్టు.

"వస్తాయండి. అవి వచ్చేసరికి చీకటి పడుతుంది."

నాకు నవ్వొచ్చింది. బావను చూశాక ఆ నవ్వు లోపలే ఉండిపోయింది. ఆయన తెల్లబట్టల్లో ఇసుక చివర నిలబడిపోయాడు. ఎదురుగా తడి నేల, పగడపు రాళ్లు, గుంటల్లో ఎగిరి పడే చిన్న చేపలు. మాకది రోజూ చూసే పాటు. ఆయనకది హట్‌బే.

"వచ్చేవారం పెట్టుకుందాం" అని పాస్టరు గారు మెల్లగా అన్నారు. బావకు వినిపించినట్టు లేదు.

అప్పుడు వెనకనుంచి యర్రమ్మత్త వచ్చింది. ఆమె చర్చికి రాదు, ఆమె అమ్మవారు ఆమెకు ఉన్నారు. తీరానికి అసలే రాదు. కొడుకు సముద్రంలో దిగుతున్నాడని విని ఇంట్లో ఉండలేకపోయింది. వస్తూనే చీర ఎగదోపింది.

"నిలబడితే నీళ్లు రావురా. పాటు దిగింది. నడవాల."

"కాళ్లు కదలట్లేదమ్మా."

"నానొస్తాను పద. సెయ్యియ్యి."

బావ ఆ చేతికేసి చూశాడు. చెయ్యి పట్టుకుని ఆమెను నెమ్మదిగా పొడి ఇసుక మీదికి తీసుకెళ్లి నిలబెట్టాడు.

"నువ్వు ఒడ్డునే ఉండమ్మా. ఈసారి ఎవర్నీ పిలవను. నేను వెళ్లొస్తాను."

చక్రి పేరు ఎవరూ ఎత్తలేదు. యర్రమ్మత్త కొడుకు మొహం తడిమి "యెల్లిరా" అంది.

బావ నడిచాడు. మొదటి పది అడుగులు ఒక్కొక్కటీ కిందికి చూసుకుంటూ వేశాడు. ఆ తర్వాత బావ ముందు, వెనక పగడపు రాళ్ల మీద జారుతూ పాస్టరు గారు, ఆయన కొత్త బూట్లు మోస్తూ నేను. ఎవరు ఎవరికి బాప్తిస్మం ఇవ్వడానికి తీసుకెళ్తున్నారో తెలియలేదు. మోకాలి లోతు వచ్చాక పాస్టరు గారు ఆగారు.

"ఇక్కడ కూర్చుంటే మునగొచ్చు బ్రదర్."

"ఇంత దూరం వచ్చి మోకాళ్లకేనాండీ?"

ఛాతీ దాకా వెళ్లారు. పాస్టరు గారు ఊపిరి తీసుకుని, కొత్త పేరు ఏం పెట్టమంటారని అడిగారు.

"కన్నారావేనండి. ఆరోజు పారిపోయింది కన్నారావే. ఇవాళ రావలసిందీ వాడే."

ముంచారు. ఒక్క క్షణం నీళ్ల మీద ఏమీ కనబడలేదు. తర్వాత బావ లేచాడు. నీళ్లు కారుతున్న మొహంతో నవ్వాడు. ఆ నవ్వుకి జెట్టీకి కట్టిన పడవలు ఊగాయని ఊరంతా చెప్పాను. పడవలు ఊగలేదు. నవ్వు నిజం.

వెనక్కి వస్తుంటే పోటు మొదలైంది. నీళ్లు మా మడమల వెంటే వస్తున్నాయి. పాస్టరు గారు వేగం పెంచారు. నేను ఆయన కంటే ముందున్నాను. బావ మాత్రం పాడుకుంటూ వస్తున్నాడు. ఒక గుంట దగ్గర వంగి, చిక్కుకున్న చేపను దోసిట్లో తీసుకుని వెనకనుంచి వస్తున్న నీళ్లలో వదిలాడు.

"పోటు వస్తోంది కదా బావా, అదే పోయేది."

"ఇంకాస్త ముందే వెళ్లనీరా."

ఒడ్డున యర్రమ్మత్త పిల్లాడికి తుడిచినట్టు పైటకొంగుతో ఆయన తల తుడిచింది. మా అక్క ఎత్తుకున్న పాటకు శ్రుతి లేదు. ఆరోజు దానికి శ్రుతి అక్కర్లేదు కూడా.

సోమవారం పొద్దున సుత్తి చప్పుడుకి గుట్టంతా లేచింది. బావ మొండిగోడను పగలగొడుతున్నాడు. ఇటుకలు అందిస్తూ అడిగాను.

"ఇంతకీ నీకు దొరికిందేంటి బావా?"

"ఇన్నాళ్లూ నేను బతికిపోయాననుకున్నాను స్టీవెన్. నన్ను బతికించారని ఇప్పుడు తెలిసింది. ఊరికే బతికించరు కదా, ఏదో పని ఉండే ఉంటుంది."

"మరి చక్రి?"

బావ ఇంకో ఇటుక ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

"అది ఆయన్నే అడుగుతా, ఎదురుగా నిలబడినప్పుడు. అడిగితే తిట్టడు కదా."

మధ్యాహ్నానికి ఆ గోడలో మా ఊళ్లోకెల్లా పెద్ద కిటికీ కన్నం పడింది. ఇప్పుడు యర్రమ్మత్త అక్కడే కూర్చుని రొయ్యలు వలుస్తుంది. బాప్తిస్మం తేదీ వేసేముందు పాస్టరు గారు కిటికీ కిందికి వచ్చి, "అమ్మా, పాటెప్పుడు?" అని అడిగి వెళ్తారు. బావ ఆదివారాలు చర్చిలో వాక్యం చదువుతాడు, తెలుగు చదవడం రాని మా అందరి కోసం. రెండేళ్లవుతోంది. ఆ నవ్వు ఇంకా సర్వీసింగుకి పోలేదు.